పార్కింగ్ దాకా

సరస్సు పక్క రోడ్డులో ఎడమకు తిరగమని చెప్పాల్సిన గొంతు ఈసారి కూడా మలుపు దాటాకే చెప్పింది. వీరభద్రరావు స్టీరింగు మీంచి చెయ్యి తీసి, పక్కనున్న కీబోర్డులో ఆ తప్పు రాసి, కారును మళ్ళీ బయల్దేరిన హోటల్ దగ్గరికి పంపేశాడు. కళ్ళజోడు తుడుచుకుని తిరిగి బయల్దేరాడు.

కారంటే నిజం కారు కాదు. ఇనుప చట్రానికి బిగించిన సీటు, స్టీరింగు, ఎదురుగా చిన్న తెర, అంతే. చక్రాల్లేవు, తలుపుల్లేవు. అది ఉన్నది అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఓ అద్దాల బిల్డింగులో కిటికీ లేని గదిలో. తెర మీద మాత్రం గ్యోంగ్‌జు అని, కొరియాలో ఒకప్పటి రాజధాని. అక్కడ అమ్మబోయే కార్లకు దారి చూపే పెట్టె సరిగ్గా చూపిస్తోందో లేదో పరీక్షించడం అతని ఉద్యోగం. గడ్డి మొలిచిన రాజుల సమాధి దిబ్బలు, పూర్వం నక్షత్రాలు చూడడానికి కట్టిన రాతి బురుజు, మ్యూజియం, రాజులు విందులు చేసుకున్న కొలను, బొమున్ సరస్సు, కొండ మీద బుల్గుక్సా అనే బౌద్ధాలయం. జనం డబ్బు పోసి చూసొచ్చే చోట్లన్నిటికీ అతను జీతం పుచ్చుకుని రోజూ వెళ్ళొస్తున్నాడు. వెళ్ళిన ప్రతిచోటా ఓ అమ్మాయి గొంతు కొరియా భాషలో గమ్యం వచ్చిందంటుంది. ఆ భాషలో అతనికి తెలిసింది ఆ ఒక్క మాటే. మొక్చొక్చి, అంటే గమ్యం.

ఇంట్లో ఆ గొంతును అనుకరించి చూపించిన రోజు అతని భార్య కృష్ణకుమారి గరిటె పక్కన పెట్టి మరీ నవ్వింది.

“మొక్కో, మొక్కో అంటోందేమోనండీ. గుడికెళ్ళారుగా, మరి మొక్కారా?”

“కార్లో కూచునా?”

“రోజూ చేరుతూనే ఉన్నారు. ఒక్కసారైనా దిగారా?”

నవ్వుతూ అడిగిన మాటే. అయినా అది అతన్ని వదల్లేదు.

యాభై మూడేళ్ళ మనిషి. మెడ కాస్త ముందుకు వాలిపోయి, వెనకనించి చూస్తే ఏదో వెతుక్కుంటున్నట్టుంటాడు. చలికాలం మొత్తం ఒకటే ఆకుపచ్చ స్వెట్టరు. మోచేతుల దగ్గర దారాలు లేస్తే కుమారి అదే రంగు ఊలుతో అల్లి సరిచేసింది. ఒంగోలులో పాలిటెక్నిక్ పాఠాలు చెప్పుకునేవాడు నలభై దాటాక కంప్యూటర్ కోర్సు నేర్చుకుని, ఓ కన్సల్టెన్సీ పట్టుకుని ఈ దేశం వచ్చాడు. పిల్లల్లేరు. ఉన్నదల్లా గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూపు. నయాగరా చూద్దామని కుమారి మొదటి ఎండాకాలం అడిగింది. గ్రీన్‌కార్డ్ వచ్చాక, నిశ్చింతగా వెళ్దామన్నాడు. సోఫా కొనడమూ, గోడకు మేకు కొట్టడమూ అన్నీ ఆ తర్వాతే. ఎన్ని ఎండాకాలాలు పోయాయో ఇద్దరూ లెక్క మానేశారు. కారు కడిగి, షాపుల పార్కింగుల్లో ఆపి, కూరగాయలు కొనుక్కుని ఇంటికి రావడమే వాళ్ళు చూసిన అమెరికా.

అలాంటి మనిషికి ఈ చలికాలంలో ఒక ఆశ పుట్టింది. ఏప్రిల్‌లో పెట్టెను నిజం కార్లో పెట్టి, నిజం రోడ్ల మీద నడిపి చూడడానికి ఆఫీసు నుంచి ఇద్దర్ని గ్యోంగ్‌జు పంపుతారట. సరస్సు చుట్టూ చెర్రీ చెట్లు పూసే నెల. అతని పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు ఎప్పుడో తీరిపోయింది. దేశం దాటితే, మళ్ళీ ముద్ర పడేదాకా లోపలికి రానివ్వరు. పడకపోతే ఉద్యోగం, వరసలో నిలబడ్డ ఇన్నేళ్ళూ గాల్లో కలిసిపోతాయి. ఓ వారం ఇద్దరూ సరిగ్గా నిద్రపోలేదు. చివరికి కుమారే తెగించింది.

“ఏమైతే అదవుతుంది. వెళ్ళండి. నేను చూసినా ఒకటే, మీరు చూసినా ఒకటే. ఈసారి మాత్రం కారు దిగండి.”

మర్నాడే వెళ్ళి నడకకు బాగుంటాయని నల్ల బూట్లు కొనుక్కొచ్చింది. గుడి ఫొటోలు కంప్యూటర్‌లో చూపించబోతే అతనే వద్దన్నాడు. చూస్తే కళ్ళతోనే చూస్తానన్నాడు. ఏడాదిన్నరగా రోజూ ఆ గుడికి వెళ్తున్నా అతను ఒక్క ఫొటో కూడా చూడలేదు, దాచుకున్నాడు.

పేర్లు చెప్పేది ఈ శుక్రవారమే. పొద్దున అతను ఆఫీసు గది తలుపు దగ్గర మంచు బూట్లు విడిచి, సంచిలోంచి కొత్తవి తీసి తొడుక్కున్నాడు. వేళ్ళ దగ్గర నొక్కాయి. అలవాటవుతాయిలే అనుకున్నాడు.

పదకొండింటికి జితేందర్ వచ్చాడు. టీమ్‌కి మేనేజరు, వయసులో పదిహేనేళ్ళు చిన్న. చెడ్డవాడు కాదు. అదే ఇంకా బాధ.

“అన్నా, రెండు నిమిషాలు మాట్లాడాలె. ట్రిప్ కన్ఫర్మ్ అయింది. నేనూ, మన టీమ్ రష్మీ పోతున్నం.”

వీరభద్రరావు స్టీరింగు వదల్లేదు.

“నా పేరు పంపానన్నావుగా.”

“పంపిన్నన్నా. కాంట్రాక్టర్లకి బడ్జెట్ అప్రూవ్ చెయ్యలే. అయినా ఆడ స్టాంపింగ్‌ల ఇరుక్కుంటే ఏంది సంగతి? జాబ్ పోతది. మీ మంచికే చెప్తున్న.”

“ఫర్లేదులే.”

“ఫీల్ గాకండి. ఒక చిన్న హెల్ప్. మాకు శనివారం ఫ్రీ ఉంటది. ఏం చూడాలె ఆడ? మీకన్నా తెల్సినోళ్ళు ఎవరున్నరు?”

ఆ మాటకు వీరభద్రరావు ముఖంలోకి, ఆ సమయంలో కూడా, కాస్త వెలుగు వచ్చింది. పాఠం చెప్పేవాడిలా కళ్ళజోడు సర్దుకున్నాడు.

“బుల్గుక్సా వెళ్ళండి. రెండు పార్కింగులున్నాయి. పై దాంట్లోకి వెళ్ళాలంటే మలుపు దగ్గరే కుడి లేన్ పట్టుకోవాలి. బురుజుకైతే రోడ్డవతల పార్కింగు. కొలనుకి...”

“పార్కింగ్ కాదన్నా. లోపల ఏముంటది?”

వీరభద్రరావు మళ్ళీ తెర వైపు చూశాడు. గుడి మెట్లు రాతివో చెక్కవో తెలీదు. లోపలి బుద్ధుడు కూచున్నాడో నిలబడ్డాడో తెలీదు. దారి చూపే పెట్టె కారు ఆగే చోటుతో ఊరుకుంటుంది, అతనూ అక్కడే ఆగిపోయాడు. ఇంత పెద్ద ఊళ్ళో అతనికి తెలిసినవి కారు నిలిపే చోట్లు మాత్రమే. సిగ్గేసింది. ఆ సిగ్గు కిందనించి కోపం తన్నుకొచ్చింది. జితేందర్ మీద కాదు, దాచుకున్న తన మీదే.

“గూగుల్ చేస్కోండి,” అన్నాడు.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టేశాడు. ఎడమ భుజం లాగుతోంది. స్టీరింగు పట్టుకుని కూచోబట్టి అనుకున్నాడు. కుమారి ఫోన్ చేసింది.

“చెప్పారా?”

“ఇంకా లేదు. సాయంత్రం చెప్తారేమో.”

“బూట్లు సరిపోయాయా?”

“భేషుగ్గా ఉన్నాయి.”

“చపాతీలు చేస్తున్నా. మంచు పడేట్టుంది, త్వరగా వచ్చేయండి.”

ఆమెతో ఆడిన ఆఖరి మాటలు రెండూ అబద్ధాలే అయ్యాయి. ఎవర్నీ మోసం చెయ్యని మనిషికి అలా రాసిపెట్టి ఉంది, ఎవర్ననుకుని ఏం లాభం?

నాలుగున్నరకి జనం కోట్లు తొడుక్కుని వెళ్ళిపోతున్నారు. అతనూ లేవాల్సింది. లేవకుండా మరోసారి బయల్దేరాడు. తప్పులు రాయడానికి కాదు. గొంతు ఆలస్యంగా చెప్పినా రాయలేదు, మలుపులు తనే తిరిగాడు. సరస్సు దాటాడు. దిబ్బలు వెనక్కి పోయాయి. దారి కొండెక్కింది. పై పార్కింగులో కారు ఆగింది.

మొక్చొక్చి, అంది గొంతు.

బూట్లు బాగా నొక్కుతున్నాయి. వంగి రెండూ విప్పి, ఎక్కడికెళ్ళినా చేసే అలవాటు ప్రకారం జతగా కలిపి, చట్రం కింద లోపలికి నెట్టాడు. లేచి కూచునేసరికి ఊపిరి అందలేదు. గుండెల మీద ఎవరో మోకాలు పెట్టి తొక్కుతున్నట్టుంది. పిలుద్దామని తల తిప్పాడు, ఎవరూ లేరు. తల సీటుకు ఆన్చి కళ్ళు మూసుకున్నాడు.

లైట్లు ఆర్పడానికి వచ్చిన జితేందర్ నిద్రనుకున్నాడు.

“అన్నా, మంచు పడ్తున్నది. లెవ్వండి, పోదాం.”

భుజం మీద చెయ్యి వేశాక గాని తెలియలేదు. అంబులెన్సు వాళ్ళు వచ్చి, నేల మీద పడుకోబెట్టి చాలాసేపు ప్రయత్నించారు. తర్వాత బూడిదరంగు సాక్సులతోనే తీసుకుపోయారు.

పదిరోజుల తర్వాత జితేందర్ ఓ అట్టపెట్టె పట్టుకుని అపార్ట్‌మెంట్‌కి వెళ్ళాడు. అన్నం డబ్బా, నీళ్ళ సీసా, తలుపు దగ్గర విడిచిన మంచు బూట్లు. కుమారి ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టింది.

“కొత్త బూట్లుండాలి, బాబూ. నల్లవి.”

“ఇవే ఉండె వదినా. ఇంకేం లేవు.”

“పోన్లే,” అంది. ఖాళీ పెట్టె మూత మూస్తూ అడిగింది. “ట్రిప్‌కి ఈయన పేరు ఇచ్చారా?”

జితేందర్ తల దించుకుని, “ఇచ్చినం వదినా,” అన్నాడు. ఆమె కళ్ళొత్తుకుని అతనికి మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

ఏప్రిల్‌లో వాళ్ళిద్దరూ వెళ్ళొచ్చారు. పూలచెట్ల కింద, గుడి మెట్ల మీద దిగిన ఫొటోలు టీమ్ అందరికీ పంపారు. మెట్లు రాతివే. ప్రాజెక్టు అయిపోయింది. సీటులో మళ్ళీ ఎవరూ కూచోలేదు. చట్రాన్ని గోడవారకు జరిపి, ప్లాస్టిక్ గుడ్డ కప్పారు.

దాని కింద ఇనుప పట్టీకి ఆనుకుని నల్ల బూట్ల జత అలాగే ఉంది, ఎడమ బూటు అడుగున అంటించిన ధర చీటీ ఇంకా ఊడలేదు.