వెలుతురు రాని చిల్లులు

పక్కింటి డ్వైట్ తుపాకీ పెట్టెను నా వంటింటి బల్ల మీద పడేసిన తీరులోనే, మూస్ దొరకలేదని నాకు అర్థమైంది.

మూస్ అంటే గుర్రం కంటే ఎత్తుండే దుప్పి. దాన్ని వేటాడే అనుమతికి మా రాష్ట్రంలో చీటీలు తీస్తారు. ఇరవై రెండేళ్ళుగా దరఖాస్తు పెడుతూ వచ్చిన డ్వైట్ పేరు ఈ ఏడు తగిలింది. అరవై ఏడేళ్ళ మనిషి, మళ్ళీ తగులుతుందని అనుకోడు. అందుకే ట్రక్కు మార్చడం మానుకుని, మా ఊరి ఫ్యాక్టరీలో తయారయ్యే వాటిలో అన్నిటికంటే ఖరీదైన రైఫిల్ కొన్నాడు.

"నీ మొగుణ్ణి నమ్మి కొన్నా, క్లెమెన్స్ అక్కా," అన్నాడు కోటు కూడా విప్పకుండా.

"ఏమైందో చెప్పు ముందు."

"ఎనభై గజాల్లో నిలబడింది. ఫోటో తీయించుకోడానికి వచ్చినట్టు అడ్డంగా నిలబడింది. మీట నొక్కితే టక్కుమంది, అంతే. గడియ లాగి ఇంకో తూటా ఎక్కించి నొక్కా. పేలింది. పక్కనున్న బర్చ్ చెట్టు బెరడు లేచిపోయింది. ఆ మూస్ నావంక జాలిగా చూసి బురదలోకి నడుచుకుంటూ పోయింది. పరిగెత్తను కూడా లేదు."

"ముందే పేల్చి చూసుకోలేదా?"

"ఆర్మాండ్ కార్డున్న తుపాకీని పేల్చి చూస్తారా ఎవరైనా?"

ఆ మాట నిజమే. నా భర్త ఆర్మాండ్ ఆ ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆఖరి తనిఖీ చేశాడు. ఖరీదైన రైఫిల్ ప్రతి ఒక్కటీ ఆయన చేతిలో మూడుసార్లు పేలాకే బయటికి వెళ్ళేది. వంద గజాల దూరంలో ఉన్న అట్ట మీద మూడు తూటాలూ ఒక్క నాణెం కింద దాగేంత దగ్గరగా పడాలి. పడితే ఆ అట్ట కింద సంతకం చేసి పెట్టెలో పెట్టేవాడు. ఆ కార్డున్న తుపాకీని కొన్నవాళ్ళు మళ్ళీ పేల్చి చూడటమంటే, మా ఊళ్ళో అది ఆయన్ని అనుమానించినట్టు. నేరుగా అడవికే పట్టుకెళ్ళేవారు.

"ఆయన పోయి నాలుగేళ్ళు కదా, డ్వైట్?"

"పాత సరుకు, ఆర్మాండ్ చేతిమీదుగా వచ్చినదే అన్నాడు షాపువాడు. నేనేమన్నా అబద్ధమాడుతున్నానా? ఇదిగో సంతకం."

కార్డు అందుకున్నాను. సంతకం ఆయనదే. కింద తారీఖు ముద్ర ఉంది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. నమ్మకం కుదరక మళ్ళీ చదివాను. పోయిన ఏడాది ఏప్రిల్. ఆ ఏప్రిల్‌కి ఆర్మాండ్‌ని పూడ్చి మూడేళ్ళు నిండాయి.

కార్డుని కిటికీకి ఎదురుగా పట్టుకున్నాను. గురి కుదరక పక్కన పెట్టిన కార్డుల్ని ఆయన కట్టలు కట్టలుగా ఇంటికి తెచ్చేవాడు. వాటి వెనక నేను గుడ్డు, బంగాళాదుంప, సబ్బు బొమ్మలు గీసుకుని కొట్టుకి వెళ్ళేదాన్ని. చిల్లుల్లోంచి వెలుతురు ఎలా పడుతుందో నాకు తెలుసు. ఈ కార్డులోంచి వెలుతురు రాలేదు. అవి చిల్లులు కావు. నల్ల సిరాతో వేసిన మూడు చుక్కలు.

డ్వైట్ వేలితో తడిమి చూశాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అచ్చేశారు. చిల్లుల్ని కూడా అచ్చేశారు." కార్డుని బల్ల మీద బోర్లా పెట్టాడు. "దారి పొడుగునా వాణ్ణి తిట్టుకుంటూ వచ్చానక్కా. సమాధిలో ఉన్నవాణ్ణి."

అతనొక్కడే తిడితే పోనీలే అనుకునేదాన్ని. దేశం నలుమూలలా ఇలా పెట్టెలు తెరిచి, ఎంతమంది ఆ పేరు చదివి తిడుతున్నారో. రాత్రి భోజనాల దగ్గర కూడా, ఫలానా తుపాకీని మళ్ళీ ఒకసారి చూసుంటే బాగుండేదని నలిగిపోయే మనిషి ఆయన.

శనివారం రోలాండ్ ఎప్పటిలాగే వచ్చాడు. ఆర్మాండ్ దగ్గర పని నేర్చుకున్నవాడు. పంతొమ్మిదేళ్ళుగా ప్రతి శనివారం మా ఇంట్లో బీన్స్ గింజల కూర తింటున్నవాడు. ఆయన శవపేటికను భుజాన మోసినవాడు. ఇప్పుడు ఆఖరి తనిఖీకి అతనే పెద్ద.

బీన్స్ కుండ పొయ్యిలోనే ఉంచి, అతని పళ్ళెంలో ఆ కార్డు పెట్టాను.

"ఏంటి వదినా, ఈవేళ ఇదేనా కూర?" అని నవ్వబోయి, చూసి ఆగిపోయాడు.

"ఎవరు పేల్చారు దీన్ని?"

"ఎవరూ పేల్చరిప్పుడు. పదకొండు మందిమి ఉండేవాళ్ళం, ఇద్దరం మిగిలాం. కొత్త యజమానులకి రోజుకి ఇన్ని పెట్టెలు వెళ్ళాయా లేదా, అదొక్కటే. పదిట్లో తొమ్మిది బాగానే ఉంటాయి."

"పదోదానికి ఆర్మాండ్ జవాబు చెప్పాలా? నీ సంతకం పెట్టుకోవచ్చుగా."

"నా పేరు చూసి ఎవడు కొంటాడు వదినా, ఆ ధరకి?" అట్టని పళ్ళెం అంచుకి జరిపాడు. "అయినా నువ్వు ఒప్పుకున్నదే కదా."

"నేనా?"

"కాగితం మీద గుర్తు పెట్టావు. సాక్షి సంతకం నాదే."

నేను కాగితాల మీద గుర్తు పెట్టింది ఒక్కసారే. ఆర్మాండ్‌ని పూడ్చిన వారం రోలాండ్ తెచ్చాడు వాటిని. పెన్షన్‌వి, కింద ఇంటూ గీస్తే చాలు వదినా, మిగతాది నేను చూసుకుంటా అన్నాడు. గీశాను. ఆ పూట అతనికి రెండుసార్లు కృతజ్ఞతలు చెప్పాను.

లోపలికెళ్ళి బిస్కెట్ల డబ్బాలోంచి ఆ కాగితాలు తెచ్చాను. మొదటిది పెన్షన్‌దే. రెండోదాని కింద వేలు పెట్టి, పైకే చదవడం మొదలుపెట్టాను. "మరణించిన... ఉద్యోగి... పేరును, సంతకమును... కాలపరిమితి లేకుండా... కంపెనీ వాడుకొనుటకు..." రెండు చోట్ల తప్పు చదివి మళ్ళీ వెనక్కి వెళ్ళాను. చివరిదాకా వచ్చాను. అడుగున నేను గీసిన ఇంటూ, పక్కనే అతని అందమైన సంతకం.

"నీకు చదవడం ఎప్పుడొచ్చింది?" అన్నాడు.

"రెండు చలికాలాలు లైబ్రరీకి వెళ్ళి నేర్చుకున్నాను."

"నాకు చెప్పనేలేదు."

"చెప్పుంటే ఈ కాగితం ఇంట్లో ఉండనిచ్చేవాడివా?"

అతను టోపీ తీసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "నా పని కూడా పోతుంది వదినా, ఊళ్ళో అనకు," అన్నాడు. పంతొమ్మిదేళ్ళలో కడుపు ఖాళీగా మా ఇంట్లోంచి వెళ్ళడం అదే మొదటిసారి. ఆపలేదు.

సొరుగులోంచి ఆర్మాండ్ పక్కన పెట్టిన కార్డొకటి తీసి వెనక పెన్సిల్‌తో రాశాను. కొట్టు సామాన్లు కాకుండా నేను రాసిన మొదటి రాత అదే. "ఆర్మాండ్ తిబోడో నాలుగేళ్ళ కిందట చనిపోయాడు. మీ కార్డుని వెలుతురుకి పట్టి చూడండి. వెలుతురు రాకపోతే అది ఆయన పేల్చింది కాదు. ఇట్లు, భార్య క్లెమెన్స్." డ్వైట్ నన్ను తన ట్రక్కులో తీసుకెళ్ళాడు. వేటగాళ్ళ క్లబ్బు తలుపు అద్దానికి పక్కనున్న చెక్క మీద, అందరి కళ్ళూ పడేచోట పిన్నుతో గుచ్చి వచ్చాను.

మర్నాడు ఉదయం చర్చి నుంచి వస్తూ చూస్తే కార్డు లేదు. పిన్ను మాత్రం కింద పడలేదు. చెక్క మూలన, ఎవరికీ గుచ్చుకోకుండా, నిటారుగా గుచ్చి ఉంది. పని అయిపోయాక ఏ వస్తువునైనా అలా దాని చోట పెట్టాలని శిష్యులకి నేర్పింది ఆర్మాండే.

చేతిసంచిలో ఇంకో కార్డు ఉంది. అదే పిన్ను పీకి, అక్కడే గుచ్చాను.