ఎనభై ఎనిమిదో వరుస

మొక్క తల మీద పూసిన జల్లుకు కట్టిన కాగితం సంచిని పోతన్న రెండు వేళ్లతో తట్టి, చెవి దగ్గరికి వంచుకుని విన్నాడు. పుప్పొడి ఇంకా రాలుతుంటే లోపల పొట్టు కదిలినట్టు చిన్న చప్పుడవుతుంది. నిన్నటికన్నా తగ్గింది. రేపటికి ఉండదు.

కిందికి వంగి, ఆకు పక్కనుంచి తొంగిచూస్తున్న పొత్తును చూశాడు. చిటికెనవేలంత ఉంది. దాన్ని పొత్తు అనడానికే నవ్వొస్తుంది. కొసన పీచు ఇంకా రాలేదు. ఈ రోజు పీచు వచ్చి, దాని మీద ఈ మొక్క పుప్పొడే పడితే గింజ కడుతుంది. లేకపోతే ఎనభై ఎనిమిదో వరుస కథ ఇక్కడితో సరి. వరుసలో మిగిలింది ఈ ఒక్క మొక్కే.

అనకాపల్లి నుంచి మునగపాక పోయే దారిలో, చెరకు తోటల మధ్య అరెకరం కౌలుకు తీసుకుని శాంతికుమారి అనే శాస్త్రవేత్త ఈ పంట వేయిస్తోంది. మొక్కజొన్నకూ, టియోసింటే అనే అడవి గడ్డికీ పెళ్లి చేసి, వాటి సంతానాన్ని రెండు వందల వరుసలుగా విడదీసి, ఏ వరుస పుప్పొడి ఆ వరుసకే వేయిస్తూ ఏటా పెంచుకొస్తోంది. ఏ గుణం ఏ మూల దాగుందో కనిపెట్టడానికట. పోతన్న రోలుగుంట మీది కొండల్లోంచి దిగొచ్చిన కూలీ. సన్నటి మనిషి, మోకాళ్లు మాత్రం లావు. భుజం మీద ఎప్పుడూ ఎర్రంచు తువ్వాలు. ముందు పన్ను సగానికి విరిగి ఉంటుంది. దాన్ని విరగ్గొట్టింది టియోసింటేయే.

పనిలో చేరిన రోజున మేడం నాలుగు గింజలు అతని చేతిలో పోసి, "ఇది మొక్కజొన్నకి ముత్తవ్వ" అంది. రాయిలాంటి పెంకు, మూడు మూలల గింజ. ఇంత బూటకం ఎక్కడైనా ఉంటుందా అని పోతన్న ఒకటి నోట్లో వేసుకుని కొరికాడు. పన్ను విరిగినందుకు బాధపడలేదు సరికదా, నెత్తురు తుడుచుకుంటూ ప్రశ్న వేశాడు.

"మొట్టమొదలు దీన్ని కొరికినోడు పారీకుండా ఏల దాసేడమ్మా?"

పోతన్న చిన్నప్పుడు కరువులో మామిడి టెంకల అంబలి తాగి బతికినవాడు. ఆకలేసి ఉంటుంది అని సగం జవాబు తనే చెప్పుకున్నాడు. మిగతా సగం కోసం ఆరేళ్లుగా ఈ వరుసల్లో దేవులాడుతూనే ఉన్నాడు.

అలాంటివాడే కొంప ముంచాడు. మూడేళ్ల కిందట మేడం ఊళ్లో లేనప్పుడు పంట కోతకొచ్చింది. విత్తనం తీసి ఉంచమని కబురు పెట్టింది. కొండమీద విత్తనం తీయడమంటే పద్ధతి ఒకటే. బారైన పొత్తులు ఏరి పొయ్యి మీది దూలానికి కట్టాలి, మరుగుజ్జువి మేకలకు వేయాలి. అతని తల్లి అలాగే చేసింది, భార్య సీతాలమ్మ కూడా పోయేదాకా అలాగే చేసింది. పోతన్న ఎంతో నిష్ఠగా అదే చేశాడు. మేడం వచ్చేసరికి నలభై పొత్తులు పాకలో పొగ పట్టి వేలాడుతున్నాయి. మిగతావాటిని మేకలు హాయిగా నెమరేస్తున్నాయి.

ఆమె తిట్టలేదు. గట్టు మీద కూర్చుని ఏడ్చింది. "మంచివే ఉంచితే, ఆ మంచి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎలా తెలుస్తుంది పోతన్నా?" అంది. తిట్టినా బాగుండేదని పోతన్న ఇప్పటికీ అనుకుంటాడు.

మిగతా వరుసలకు వేరే దాచిన గింజలుండి గండం గడిచింది. ఎనభై ఎనిమిదికి అవీ లేవు. పోతన్న రెండు రోజులు మోకాళ్ల మీద పాకుతూ ఆ చోటి మట్టంతా జల్లెడ పట్టాడు. ఈ వరుసకు ముత్తవ్వ పోలిక వచ్చింది. ముదరగానే గింజలు పొత్తున నిలవకుండా వాటంతటవే రాలిపోతాయి. ఏ రైతూ మెచ్చని ఆ గుణమే వాటిని మేకల నోట పడకుండా కాపాడింది. పదమూడు గింజలు దొరికాయి. అప్పట్నుంచీ ఎనభై ఎనిమిది అతని బిడ్డ. ఈ ఏడు దాని మిగతా మొక్కలన్నీ పురుగు పాలయ్యాయి.

"ఎన్నిసార్లు సూత్తావు మామా? నువ్వలాగ సూత్తే సిగ్గుపడి రాదది," అన్నాడు పక్క వరుసలో పనిచేస్తున్న సన్యాసిరావు.

"నాను సూడకపోతే దానికెవులున్నార్రా?"

పదిన్నరకు వచ్చాయి, నాలుగే నాలుగు పీచు పోగులు, లేత గులాబీ రంగులో. పోతన్న జల్లు వంచి సంచిలోకి దులిపితే చిటికెడు పసుపు పుప్పొడి కూడా లేదు. ఆ కొంచెమే ఊపిరి బిగబట్టి పోగుల మీద రాల్చి, పైన తెల్ల కాగితం తొడిగి, పెన్సిల్‌తో తేదీ వేశాడు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి, మధ్యదాకా చింపి, మొక్క మొదలు చుట్టూ పరిచి అంచులకు రాళ్లు పెట్టాడు.

"మంచి తువ్వాలు సింపీసినావేటి! గింజ ముదరడానికి ఇంకా నెలన్నరుంది కదా!"

"మరిసిపోతానేమోనని," అన్నాడు పోతన్న.

మధ్యాహ్నం గంజి తాగి పాకలో నడుం వాల్చాడు. చెరకు తోటల అవతలనుంచి బెల్లం వండుతున్న వాసన వస్తోంది. మూడు గంటలకు సన్యాసిరావు లేపబోతే లేవలేదు. ముఖంలో బాధేమీ లేదు, ఏదో అడగబోతున్నట్టు నోరు కాస్త తెరుచుకుని ఉంది.

మోసుకెళ్లేటప్పుడు పోతన్న భుజం బోడిగా కనిపించి సన్యాసిరావుకు దుఃఖం ఆగలేదు. తువ్వాలు తెచ్చి కప్పుదామని పరుగెత్తాడు. మొక్క దగ్గర నిలబడ్డాడు, వంగాడు, మళ్లీ వట్టి చేతులతో తిరిగొచ్చాడు. ఆ తర్వాత నీరు కట్టిన ప్రతిసారీ దాన్ని ఎత్తి, ఆరబెట్టి, మళ్లీ పరుస్తూ వచ్చాడు.

నెలన్నర గడిచాక ఒక ఉదయం మేడం వచ్చేసరికి చిలకలు కాగితం చింపేశాయి. పొత్తున ఒక్క గింజా లేదు. ఆమె అక్కడే చతికిలబడింది. సన్యాసిరావు కిందికి చూపించాడు.

రంగు వెలిసిన ఎర్రంచు తువ్వాలు మీద, మడతలో ఒకచోటికి చేరి, నాలుగు గింజలున్నాయి.