ఎల్లప్ప మింగిన మాట

శేషశయన దేవ! చేతులు జోడించి
నిన్ను దలచి వేడి నిలిచినాడ;
మందు దెచ్చువారు మాటయు దెచ్చెడి
బుద్ధి నొసగుమయ్య భువనపాల!

తాండూరు పట్టణానికి కాస్త ఎడంగా, బండల గనుల నడుమ ఒక పల్లె ఉంది. అక్కడ గొర్రెలను నమ్ముకొని బతికే బీరయ్యకు రెండేళ్లుగా ఒళ్లు తన మాట వినడం మానేసింది. తలచకనే చేయి ఎగిరేది, భుజం ఉలికిపడేది, ముఖం వంకర్లు పోయేది. పళ్లెంలోని ముద్ద నోటికి చేరేలోగా సగం ఒడిలో రాలేది. తాగి వచ్చాడనుకొని ఒకనాడు బస్సు కండక్టరు దింపివేశాడు కూడా. అతని తండ్రికీ ఇదే ఉండేది. బీరప్ప దేవుడు ఒంటిమీద ఆడుతున్నాడని కులస్థులు ఆ ముసలాయనకు దండాలు పెట్టేవారు. దండాలు అందుకొంటూనే ఆయన చివరికి గుక్కెడు నీళ్లు మింగలేక కన్నుమూశాడు.

ఆ మరణాన్ని దగ్గరుండి చూసిన కోడలు గనుక, బీరయ్య భార్య ఎంకమ్మ ఈసారి దేవుని మీద భారం వేసి ఊరుకోలేదు. మరిది ఎల్లప్పను తోడిచ్చి భర్తను వికారాబాదు దవాఖానకు పంపింది. అక్కడి డాక్టరు మహేశ్వరి పరీక్షలు చేయించి, టెట్రాబెనజిన్ అనే మాత్ర రాసి, వచ్చిన ప్రతిసారీ కొద్దికొద్దిగా మోతాదు పెంచింది. క్రమంగా చేతులు అణిగాయి. బీరయ్య చెంబెడు అంబలి చుక్క ఒలకకుండా తాగిన నాడు ఎంకమ్మ దొడ్డి వెనుకకు పోయి తనివితీరా ఏడ్చింది.

అయితే చేతులతో పాటు మనిషీ అణిగిపోయాడు. గొర్రె గొర్రెకూ పేరు పెట్టి పిలిచే నోరు మూగబోయింది. ఉన్ని కత్తిరించే రోజున కూడా అరుగు దిగలేదు. కూడు పెడితే పెట్టిన చోటనే ఎండేది. రాత్రులు కళ్లు తెరుచుకొని దూలాల వంక చూసేవాడు. కులపెద్దలు వచ్చి చూసి, "దేవుడు ఒళ్లు దిగిపోయిండు గదా, గా ఎలితి, గా లోటు ఉంటది. జాతర దాక కదిలియ్యకుండ్రి" అని పోయారు. జాతర ముగిసేదాకా అశుభం పలకబోమని ఇంటివారందరి ముంజేతులకూ బీరప్ప పేర పసుపు కంకణాలు కట్టి ఉన్నాయి. పెద్దల మాట తీసివేయలేక ఎంకమ్మ కూడా అతణ్ణి పలకరించి కదిలించలేదు. అదే ఆమెను లోలోపల కోస్తూ ఉండేది.

ఆ ఉదయం ఆమె పొలం నుంచి వచ్చేసరికి ఎల్లప్ప దొడ్డి ముందు నిలబడి ఉన్నాడు. భుజాన నల్ల గొంగడి.

"గది మీ అన్న గొంగడి గాదా?"

"అన్ననే ఇచ్చిండు వదినె. కట్టె గూడ ఇచ్చిండు. మంద ఇగ నువ్వే చూస్కో అన్నడు."

"ఇస్తే తీస్కున్నవా?"

"తీస్కోక? ఎన్నడన్న అన్న నాకు ఏమన్న ఇచ్చిండా?" అని ఎల్లప్ప నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

వారి ఇంటి ఆచారంలో కాపరి తన గొంగడిని మరొకరికి అప్పగించాడంటే, మందనుంచి శాశ్వతంగా తప్పుకొన్నట్టే.

"ఏడికి పోయిండు?"

"పాత గని దిక్కు. గొర్లకు నీళ్లు తాపొస్త అన్నడు."

ఎంకమ్మ దొడ్డిలోకి చూసింది. మంద అంతా అక్కడే ఉంది, ఒకదానిపై ఒకటి తల వాల్చి నెమరు వేస్తూ.

ఆమె ఎల్లప్ప చేయి పట్టుకొంది. "డాక్టరమ్మ ఏమన్నదో చెప్పు. పోయినపారి మాత్ర పెంచిన నాడు ఇంకేమన్నది?"

ఎల్లప్ప చూపు ఆమె కంకణం మీదికి జారింది. "గిది కట్టుకున్నంక గా మాట ఇంట్ల అనొద్దు వదినె. జాతర అయినంక చెప్త."

"జాతర దాక మీ అన్న ఉంటడా?"

"అన్న పరీక్షకు నెత్తురు ఇయ్యవోయినప్పుడు నాతోని చెప్పింది. గీ మాత్రతోని కొందరికి మనసు కుంగుతదట. నిద్ర పట్టకున్న, తిండి మానేసిన, సస్త అని మాటొచ్చిన ఎంబడే తీస్కరమ్మన్నది. ఇంట్ల అందరికి చెప్పుమన్నది. గప్పటికే కంకణం కట్టింటిమి. అపశకునమని నోరిప్పకుంటి."

"యాసీన్ ఆటో పట్టుకొని గని కాడికి రా" అని మాత్రం అని ఆమె పరుగెత్తింది.

తవ్వి వదిలేసిన ఆ గని, పలకలు పలకలుగా లోతుకు దిగి, అడుగున పచ్చని నీటితో నిండి ఉంటుంది. బీరయ్య అంచు బండ మీద కూర్చొని ఉన్నాడు. ఎంకమ్మ గుండె కేక వేయమంది. కానీ అంచున నిలిచిన గొర్రెను వెనుకనుంచి అదిలించకూడదని మందలో పెరిగిన ఆమెకు తెలుసు. పరుగు ఆపి, ఊపిరి బిగబట్టి, అతని కంటికి కనిపించేలా పక్కనుంచి మెల్లగా నడిచింది. వచ్చి, అతణ్ణి ఆనుకొని కూర్చొంది.

"నీళ్లు తాపనీకె వస్తివి. గొర్లేవి?"

అతడు అడుగునున్న నీటి వంకే చూస్తున్నాడు.

ఆమె అతని మణికట్టు పట్టుకొంది. తన పసుపుదారం అతని చర్మానికి ఒరుసుకొంటూ ఉండగా, ఆ ఇంట ఎవ్వరూ పలకని మాటను తానే పలికింది. "సావాలనిపిస్తుందా నీకు?"

బీరయ్య ఆమె వైపు తిరిగాడు. "నీకెట్ల ఎర్క?"

"అడుగుతున్న. చెప్పు."

"అనిపిస్తది. పొద్దుగాల లేస్తే గదే. చేతులు బాగైనయి ఎంకీ. లోపటనే ఏం లేదు. దేవుడు ఇడిసిపెట్టిండు. మీరు గూడ పలకరిస్తలేరు."

"పలకరియ్యక తప్పు జేసినం. కాని నిన్ను కుంగదీసింది దేవుడు గాదు, మాత్ర."

"మాత్రనా?" అతని కనుబొమలు ముడివడ్డాయి. "మనసు బాగ లేకుంటె చెప్పుమని నాకు గూడ అన్నది డాక్టరమ్మ. గిది గదే అని నేను అనుకోలే."

"మీ తమ్మునికి గట్టిగ చెప్పింది. నువ్వు మాత్ర మింగినవ్, ఆయన మాట మింగిండు."

బీరయ్య పెదవి కొస రవ్వంత కదిలింది. ఎంకమ్మ అతని చేయి వదలలేదు. ఆటో చప్పుడు వినిపించేదాకా అతని బరువంతా తన వైపుకు లాగి పట్టుకొనే ఉంది.

ఆటో తోలే యాసీన్ ఏమీ అడగలేదు. "అన్నా, జర నడుమల కూసో. అక్క ఒక దిక్కు, ఎల్లన్న ఒక దిక్కు. నా ఆటోకు తలుపుల్లేవు, ఉన్నదంత హారనే" అని స్టేషను దాకా హారను మోగిస్తూనే పోయాడు.

వికారాబాదు రైలులో బీరయ్య రెండుసార్లు లేచి నిలబడ్డాడు. రెండుసార్లూ ఎంకమ్మ లేచి అతనికీ తలుపుకూ నడుమ నిలిచింది. ఇది చూసి తాళలేక ఎల్లప్ప మాత్రల అట్ట తీసి కిటికీ వైపు చేయి చాచాడు. "గీ పాడు మందు వద్దు వదినె. పారేస్త."

ఎంకమ్మ అట్ట లాక్కొని కొంగున ముడివేసింది. "ఒకపారి నీ అంతల నువ్వే తీర్మానం జేస్తివి. చాలు. ఇచ్చినామె ఆపుమంటెనే ఆపుదం."

డాక్టరు మహేశ్వరి అతణ్ణి చూడగానే బయటి వరుసను ఆపి లోపలికి పిలిచింది. చుట్టు తిప్పకుండా, "బీరయ్యగారూ, చనిపోవాలన్న ఆలోచన ఇప్పుడు కూడా ఉందా?" అని అడిగింది. అతడు అవునన్నట్టు తల ఊపాడు. ఆమె కుర్చీ దగ్గరకు జరుపుకొంది.

"మెదడులో కదలికల కబురు మోసే రసం ఒకటి ఉంటుంది. మీ జబ్బులో ఆ కబుర్లు అదుపు తప్పి చేతులు ఎగురుతాయి. ఈ మాత్ర ఆ రసాన్ని తగ్గిస్తుంది. జబ్బును పోగొట్టదు, కదలికను మాత్రమే అణుస్తుంది. కానీ మనసులో ఉత్సాహానికీ అదే రసం పని చేస్తుంది. ఒక్కోసారి రెండూ అణిగిపోతాయి. ఈ జబ్బే మనసును కుంగదీయనూవచ్చు. ఏది ఎంతో చూడాలి. ఇది మీ తప్పు కాదు, దేవుని కోపమూ కాదు."

ఎల్లప్ప తలుపు దగ్గర నేలచూపులు చూస్తూ, "తప్పు నాదమ్మా" అన్నాడు.

"తరువాత మాట్లాడుకుందాం. ఇప్పుడు ఆయన సంగతి" అని డాక్టరు బీరయ్య వైపే తిరిగింది. "మాత్ర నా లెక్క ప్రకారం తగ్గిస్తాను. మనోవైద్యుణ్ణి పిలిపిస్తున్నాను. చేతులు మళ్లీ కొంత ఊగవచ్చు, దానికి వేరే దారి వెతుకుదాం. ఇవాళ ఇంటికి పోవద్దు."

"ఊగితే జనం నవ్వుతరమ్మా" అన్నాడు బీరయ్య.

"నవ్వనీ" అంది ఎంకమ్మ. "నువ్వు ఉంటె చాలు, ఎవలు నవ్వినా నాకేంది?"

బీరయ్య తన నిశ్చలమైన చేతులను చూసుకొన్నాడు. పిదప వాటిని ఒడిలో పెట్టుకొని, ఎన్నో దినాల తరువాత తనంతట తానై ఒక కోరిక కోరాడు.

"ఉంట. కాని నన్ను ఒక్కన్ని ఇడిసిపెట్టకుండ్రి."

ఎంకమ్మ అతని మంచం పక్కన చాప పరచింది. తలుపు దగ్గరి కుర్చీలో ఎల్లప్ప కూర్చున్నాడు. కాసేపటికి అతడే మందలో ఏ గొర్రె ఈనిందో ఏది కుంటుతున్నదో అన్నకు చెప్పసాగాడు. బీరయ్య కళ్లు మూసుకొని వింటూ, కుంటే గొర్రె మాట రాగానే, "దాని గిట్ట చూడు, ముల్లు ఉంటది" అన్నాడు.

ఈ కథ విన్న వారి ఇండ్లలో మందుతో వచ్చిన మాట మరుగున పడకుండు గాక. కుంగిన మనసు పక్కన కూర్చొని, భయపడక అడిగే మనిషి ఒకరు ఉందురు గాక. అడిగినప్పుడు చెప్పే ధైర్యం ఆ మనసుకు కలుగు గాక. అందరినీ ఆ భువనపాలుడు చల్లగా చూచు గాక. స్వస్తి.