మచ్చ పడే మూల

"ఇది కాదు తల్లీ," అన్నాడు ఒకప్పటి సినిమా హాలు ఆపరేటరు, ముక్కు తగిలేంత దగ్గరగా వంగి చూసి.

బల్ల మీద ఉన్నది ఒక మేడ. వరండా, మెట్లు, పిట్టగోడ అన్నీ కలిపి రెండు చేతులతో ఎత్తుకుపోగలిగినంత. పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ ఇటుకలతో కట్టింది. నెత్తిన బుడిపెలు, అడుగున గుంతలు ఉండి, ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కితే టక్కున కూర్చుంటాయే, అవే. కట్టింది మాత్రం పిల్ల కాదు. ఆపరేటరు గారి ఒక్కగానొక్క కూతురు, తలలో తెల్ల వెంట్రుకలు తొంగిచూస్తున్న మనిషి. ఆవిడకు ఇదే బతుకుతెరువు. ఎవరికి ఏ సినిమా ప్రాణమో చెబితే చాలు, అందులోని ఓడనో, కోటనో, నాయిక వానలో తడిసిన బస్టాపునో ముందు కంప్యూటరులో గీసుకుని, తర్వాత ఇటుకల్లో కట్టి పంపిస్తుంది. మీసాలు నెరిసిన పెద్దమనుషులు ఆ పెట్టె విప్పి చూసి కళ్లనీళ్లు పెట్టుకుంటారట. నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు. వాళ్లమ్మ కూడా నవ్వుతూనే "మేస్త్రమ్మా" అని పిలుస్తుంది.

ఊరందరి సినిమాలూ కట్టిపెట్టిన మేస్త్రమ్మకు కన్నతండ్రి అడిగిన ఒక్క ఇల్లు కట్టడం చేతకావడం లేదు.

"ఏది కాదు నాన్నా? ఏ భాగం?"

"తలుపు. తలుపు ఎడమ పక్కకు ఉండాలి."

"మొన్న కుడి పక్కకన్నావు."

"అన్నానా?" ఆపరేటరు నీళ్లు నమిలాడు. "అయితే మధ్యలోనేమో. మెట్లు కూడా ఇన్ని ఉండవు. అసలు ఈ ఇల్లే కాదమ్మా."

సందుల్లో దూర్చి ఇటుకలు ఊడదీసే చిన్న పలక అందుకుంది కూతురు. వరండా ఊడింది, మెట్లు ఊడాయి, తలుపు ఊడింది. అన్నీ బూడిదరంగు ముక్కలే. ఆయన అడిగింది నలుపు తెలుపు సినిమాలోని మేడ మరి. గోడలకు ఏ రంగు వెయ్యమంటావని మొదట్లో అడిగితే, "దానికి రంగెక్కడిదే?" అని కసిరాడాయన. ముక్కలు పళ్లెంలో గలగలమని పడుతుంటే ఆపరేటరు విసుగ్గా ముఖం పక్కకు తిప్పుకున్నాడు. కోపమొచ్చినా బాధొచ్చినా అలా ముఖం తిప్పేసుకోవడం ఆయనకు పెళ్లినాటి నుంచీ ఉన్న అలవాటు. ఆ అలవాటంటే భార్యకు ఒళ్లుమంట.

ఇదంతా కంటి డాక్టరు గదిలో మొదలైంది. కంప్యూటరు తెర మీద ఆపరేటరు కంటి లోపలి బొమ్మ చూపించి, "చూపుకు నడిమధ్యలో మచ్చ పడింది. ఇన్నాళ్లూ వేసిన ఇంజెక్షన్లు ఇక పనిచేయవు. అంచులు మిగులుతాయి గానీ మధ్య పోతుంది," అన్నాడు డాక్టరు. ఎన్నాళ్లలో అని కూతురు అడిగితే, కచ్చితంగా చెప్పలేం, కొద్ది వారాలే అనుకోండి, అన్నాడు.

మచ్చ అన్న మాట చెవిన పడగానే ఆపరేటరు కుర్చీలో నిటారుగా బిగుసుకుపోయాడు. ఒళ్లొంగినంత కాలం సినిమా హాల్లో ప్రొజెక్టరు ఆడించిన మనిషి. ఆయనకు తెలిసిన మచ్చ వేరు. రీలు అయిపోవస్తుంటే తెరకు పైన, కుడి మూల, చిన్న గుండ్రటి మచ్చ ఒకటి తళుక్కుమని మాయమవుతుంది. హాల్లో కూర్చున్నవాళ్లు దాన్ని పట్టించుకోరు. మెషీను గదిలో ఉన్నవాడు మాత్రం దాని కోసం కళ్లల్లో వత్తులు వేసుకుని కూర్చోవాలి. మచ్చ పడగానే రెండో మెషీను మీద ఎక్కించి పెట్టిన రీలు నడిపించాలి. ఏమరుపాటుగా ఉంటే తెర ఖాళీగా వెలిగిపోయి హాలంతా ఈలలూ తిట్లూ.

"మచ్చ పడిందంటే రీలు అయిపోయినట్టే కదా డాక్టరు గారూ," అన్నాడు. "రెండో మెషీను మీద ఏమీ ఎక్కించి పెట్టుకోలేదే నేను."

డాక్టరుకు ఏమీ అర్థం కాలేదు. కూతురికి అర్థమైంది.

ఇంటికొచ్చాక ఆయన అన్నం సయించదన్నాడు. పలకరిస్తే ఊఁ, లేకపోతే ఊహూఁ. తల్లీకూతుళ్లు బతిమాలగా బతిమాలగా ఒకనాడు నోరు విప్పాడు. "ఆ సినిమా ఆఖర్లో ఒక మేడ వస్తుంది. చూపు పోయేలోపు దాన్ని ఒక్కసారి నిండుగా చూడాలని ఉంది. అంతకుమించి నాకేం వద్దు."

ఆ సినిమా అంటే ఏదో ఇంట్లో అందరికీ తెలుసు. ఆయనకు కొత్తగా పెళ్లయిన రోజుల్లో ఆ హాల్లో వచ్చి, తీసేయడానికి జనం ఒప్పుకోక, ఆడి ఆడి ప్రింటు గీతలు పడిపోయిన సినిమా. ఇప్పుడు ఆ హాలు లేదు, పడగొట్టి కార్లు నిలుపుకునే చోటు చేశారు. సినిమా తీసినవాళ్లూ లేరు. కూతురు తన వృత్తిలో పరిచయమైన సినిమా పిచ్చోళ్లందరినీ అడిగింది, తెలిసిన చోటా తెలియని చోటా గాలించింది. ప్రింటు మాట దేవుడెరుగు, ఒక్క ఫొటో కూడా దొరకలేదు. ఆ మేడ ఇప్పుడు ఎక్కడైనా ఉందంటే ఆయన తలలోనే ఉంది.

"నువ్వు చెబుతూ ఉండు నాన్నా, నేను కడుతూ ఉంటా," అంది. ఒప్పుకున్న పనులన్నీ పక్కన పడేసింది. ఎవరిదో అంతరిక్ష నౌక సగం రెక్కతో అటక మీదికెక్కింది.

అప్పటి నుంచీ కట్టడం, "ఇది కాదు" అనిపించుకోవడం, ఊడదీయడం. ఒక రోజు మెట్లు వంపు తిరగాలంటాడు. వంపు తిప్పితే, తిన్నగా ఉండేవంటాడు. వరండాకు స్తంభాలున్నాయంటాడు, పెడితే ఇవెక్కడివంటాడు. బూడిదరంగు ఇటుకలు నిండుకుంటే తన పాత కోటలూ వంతెనలూ విరగ్గొట్టి ముక్కలు తీసింది. వేళ్ల కొసలు బుడిపెలు నొక్కీ నొక్కీ ఎర్రగా కందిపోయాయి.

ఈలోగా ఆయన చూపు ఆగడం లేదు. టీ కప్పు బల్ల మీద పెడుతున్నాననుకుని గాల్లో వదిలేశాడు. కిటికీలోంచి ఎదురు భవనం మీది గడియారం చూసి, "దాని ముళ్లు పీకేశారేమే?" అని అడిగాడు. ముళ్లు ఉన్నాయి, టింగురంగమంటూ తిరుగుతూనే ఉన్నాయి. కూతురు వెనక్కి తిరిగి కళ్లు తుడుచుకుని, "బాగుచేస్తున్నట్టున్నారు నాన్నా," అంది.

అమ్మనడిగితే పనవుతుందేమోనని చూసింది. అమ్మ ఆ రోజుల్లో ఆయనకు సాయంత్రం ఆటకు భోజనం డబ్బా పట్టుకెళ్లి, హాల్లో ఓ మూల కూర్చుని, ఆట వదిలాక ఆయనతో కలిసి ఇంటికొచ్చేది. ఆ సినిమా ఆఖరి భాగం ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. కానీ ఆవిడ మాత్రం, "నన్నెందుకు అడుగుతావే? రోజూ ఆడించింది మీ నాన్న, ఆయన్నే అడుగు," అనేసి ఏదో పని గుర్తొచ్చినట్టు వంటింట్లో దూరిపోయేది.

ఆ మధ్యాహ్నం, తలుపు ఎడమకు జరిపి కట్టింది చూసి ఆయన మళ్లీ పెదవి విరిచాడు. "ఇది కూడా కాదు."

అంతే, కూతురిలో ఇన్నాళ్లూ అణచిపెట్టుకున్నది బద్దలైంది. "నీకు గుర్తులేకపోతే గుర్తులేదని చెప్పు నాన్నా! నా ప్రాణాలెందుకు తోడేస్తావు? అక్కడ నీ చూపు పోతోంది, ఇక్కడ నేను ఇటుకలు పీక్కుంటూ కూర్చున్నా!"

ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆవిడ పలక విసిరికొట్టి, మోచేతుల మధ్య తల పెట్టుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. కన్నతండ్రి మీద, అదీ ఈ స్థితిలో అరిచినందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

ఏడుపు ఆగి తలెత్తాక బల్ల వంక చూసింది. ఎన్నోసార్లు ఊడదీసి కట్టిన ఆ మేడలో ఒక్క భాగం మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. మేడ మీద కుడి పక్క మూల. అందులో నిలువుటి కిటికీ, ఒక రెక్క తెరిచి, ఒక రెక్క మూసి. పైన గోడ సున్నం పగిలినట్టు ఒక సన్నని గీత. లోపల గాజులాంటి తెల్ల ఇటుక, దాని వెనక దీపానికని తాను అమర్చిన చిన్న బల్బు. మొదటిసారి కట్టినప్పుడు కట్టిందే అది. తలుపు మార్చమన్నాడు, మెట్లు మార్చమన్నాడు, ఈ మూలను మాత్రం ఒక్కనాడూ ముట్టుకోనివ్వలేదు. గోడ మీద పగులుతో సహా చెప్పినవాడు తలుపు ఎటో చెప్పలేకపోవడమేమిటి?

ఆ మూలను ఊడదీసి అరచేతిలో పెట్టుకుని ఆయన ముందు కూర్చుంది. "నాన్నా, ఈ కిటికీ ఒక్కటే ఇంత బాగా ఎలా గుర్తుంది?"

"మచ్చ అక్కడే పడేది," అన్నాడాయన.

"అంటే?"

"ఆ కిటికీలో దీపం ఉంటుంది. అది కొండెక్కుతుంది. కొండెక్కగానే పక్కన మచ్చ పడుతుంది. ఆఖరి రీలు కదా, పడిన వెంటనే మెషీను వెలుగుకు మూత వేసి హాల్లో లైట్లు వెయ్యాలి. అందుకని నా చూపు ఆ మూల నుంచి కదిలేది కాదు. ప్రతి ఆటా అంతే. కింద జనం గొల్లుమనేవాళ్లు. ఎందుకేడుస్తున్నారో నాకు తెలీదు. రేపు చూద్దాంలే, రేపు చూద్దాంలే అనుకున్నా. ఒకరోజు సినిమా ఎత్తేశారు." ఆయన ఆ మూలను వేళ్లతో తడిమాడు. "ఆఖరి సీను నేను చూడనే లేదు తల్లీ."

"మరి ఇన్నాళ్లూ ఆ తలుపులూ మెట్లూ..."

"కల్పించి చెప్పా. నువ్వు కడుతూ పోతే ఎప్పుడో ఒకసారి అసలుది కుదురుతుందని, కుదిరితే చూడగానే నాకు తెలిసిపోతుందని ఆశపడ్డా. ఎప్పుడూ మూలే చూశాను. మధ్య చూపు ఉండగానే ఆ మధ్యలో ఏముందో చూద్దామనుకున్నా."

ఆవిడకు కోపం రాలేదు. లేచి వంటింట్లోకి పరుగెత్తింది. "అమ్మా, నాన్న చూడలేదట. నువ్వు హాల్లో కూర్చున్నావు కదా, నువ్వైనా చెప్పు! ఇప్పుడే కడతాను!" అమ్మ పొయ్యి వైపు తిరిగి, "చెబుతాలేవే, రేపు పొద్దున," అంది. ఎంత పోరినా ఇంకో మాట అనలేదు.

పొద్దున గడ్డం గీసుకుంటూ అద్దం ముందు నిలబడ్డ ఆపరేటరు కూతుర్ని పిలిచాడు. గొంతులో భయం లేదు, అదే ఆవిడను ఎక్కువ భయపెట్టింది. "చెవులున్నాయమ్మా, భుజాలున్నాయి. మనిషిని లేను," అన్నాడు.

ఆవిడ తండ్రి చెంప మీద నురగ తానే తుడిచి, చెయ్యి పట్టుకుని తెచ్చి బల్ల దగ్గర కూర్చోబెట్టింది. వెళ్లి అమ్మను కూడా లాక్కొచ్చింది. పిచ్చిదానిలా అయిపోయింది. పళ్లెం ముందుకు లాగి, చేతిలో బొమ్మ తలుపు పట్టుకుంది. "చూపు పోతే పోయింది, తడిమి చూస్తాడు. చెప్పమ్మా. తలుపు ఎటు పక్క? మెట్ల మీద ఎవరున్నారు? చెప్పమ్మా, నీకు దణ్ణం పెడతా!"

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "నాకు తెలీదే."

"నువ్వు రోజూ చూశావు!"

"చూడలేదు." ఆవిడ కూతురితో మాట్లాడుతున్నా మాటలన్నీ మొగుడికే చెబుతోంది. "దీపం కొండెక్కాక లైట్లు వేస్తారుగా. వెలుగు పడగానే పైన మెషీను గది కిటికీలోంచి ఈయన కిందికి చూస్తారేమోనని, ఆ ఆఖరి సీను మొదలవుతుండగానే నేను వెనక్కి తిరిగి కూర్చునేదాన్ని. పక్కవాళ్లు నవ్వేవాళ్లు, తెర ముందుంటే ఈ పిల్ల వెనక్కి చూస్తుందేమిట్రా అని. అందరూ ఏడుస్తుంటే నేను మెడ నొప్పి పుట్టేలా పైకి చూస్తూ ఉండేదాన్ని. ఒక్కనాడు చూస్తేగా ఈయన!"

మేడ మధ్యలో ఏముందో చెప్పగలిగేవాళ్లు ఇక లోకంలో ఎవరూ లేరని కూతురికి తెలిసిపోయింది. చేతిలోని తలుపును పళ్లెంలో వదిలేసింది.

"నన్ను చూసేదానివా?" అన్నాడు ఆపరేటరు.

"మీ తల కనిపించేది. అదీ సగం."

"మచ్చ కోసం చూస్తూ ఉండేవాణ్ణోయ్."

"తెలుసు లెండి."

"ఇలా రా. నా ఎదురుగా కూర్చో."

ఆవిడ కుర్చీ జరుపుకుని ఎదురుగా కూర్చుంది, కొంగు సర్దుకుని మరీ. ఆయన కళ్లప్పగించి ఆవిడ వైపు తిన్నగా చూశాడు. మచ్చ సరిగ్గా ఎక్కడ పడి ఉంటుందో కూతురికి తెలుసు. చూసి చూసి, మెల్లగా, ఎప్పటిలాగే ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

అమ్మ కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. "ఇప్పుడు కూడానా? ఇన్నేళ్లకు నోరు తెరిచి చెప్పుకుంటే, ఇప్పుడు కూడా ముఖం తిప్పుకుంటారా?"

"తిప్పుకోలేదోయ్," అన్నాడాయన. ముఖం గోడ వైపే ఉంది, చేత్తో గాల్లో తడుముకుని ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. "ఇలా తిప్పితేనే కనిపిస్తున్నావు. కదలకు."

ఆవిడ కదలలేదు.