కొత్తనీళ్ళ చేప

ఉదయగిరి సంతలో మాలకొండమ్మ దగ్గర బేరమాడి మాట పడకుండా వెళ్ళిన మనిషి లేడు. "నీ మొగుడేమన్నా సముద్రంలో దూకి పట్టుకొచ్చినాడా, అంత తక్కువకి అడుగుతుండావు?" అని దులిపేసేది. దులిపిన తర్వాత గుప్పెడు ఎండు చేపలు కొసరు వేసేది. ఆ కొసరు కోసం జనం తిట్లు తినడానికి సిద్ధపడి వచ్చేవాళ్ళు.

ఆమెది అనంతసాగరం అవతల చెరువుకట్ట కింద చిన్న పల్లె. కూలి దొరికిన రోజు కూలి, దొరకని రోజు చెరువులో చేప. ఆ పల్లెలో పిల్లలకు నడక వచ్చేలోపే చేప పట్టడం వస్తుంది. వరసగా చెరువు ఎండిపోయిన కరువేళ్ళలో ఆమె తమ్ముడు పోలేరయ్య పెళ్ళాన్ని తీసుకుని సముద్రం ఒడ్డుకు వెళ్ళి, బోట్లవాళ్ళ ఊరి పక్కన గుడిసె వేసుకున్నాడు. అక్కడ చేపలు ఎండబెట్టి బస్సులో ఆత్మకూరుకు పంపిస్తాడు. అక్క వాటిని ఉదయగిరిలోనూ దుత్తలూరులోనూ అమ్ముతుంది. అలా చెరువు పిల్ల ఎండు చేపల వ్యాపారి అయింది.

ఈ నాలుగైదేళ్ళుగా వానకు తలా తోకా లేకుండా పోయింది. రావలసినప్పుడు రాదు, వచ్చిందంటే ఊరు ముంచిపోతుంది. ఈ ఏడు దుత్తలూరు, వరికుంటపాడు రైతులు కంది విత్తారు, ఎండింది. మళ్ళీ విత్తారు. నాలుగు చినుకులు పడేసరికి ఆశపడి ఎరువు చల్లారు. కార్తీకంలో తుపాను పట్టుకుని, ఏడాదంతా కురవాల్సింది రెండు రాత్రుల్లో కుమ్మరించింది. చేలల్లో పైమట్టంతా లేచిపోయింది. చల్లిన యూరియా ఒక్క పలుకు మిగల్లేదు.

"వేసిందంతా పాయె. మళ్ళా వెయ్యాల," అని రైతులు ఆత్మకూరులో కోదండరామయ్య ఎరువుల కొట్టు ముందు వరస కట్టారు.

"పోతే యాడికి పోతాదయ్యా, భూమిలోనే ఉంటాది," అని కోదండరామయ్య ఓదార్చాడు. ఓదారుస్తూనే మరో లోడు దింపించాడు. ఒకే పంటకు రెండు గిరాకీలు వచ్చాయి, ఆయన మాత్రం కాదంటాడా?

భూమిలో లేదు. సోమశిల గేట్లెత్తితే ఎర్రనీళ్ళు పెన్నలో పడి సముద్రం దాకా పోయాయి. ఉదయగిరి కొండవాగులు తమ వాటా తమ దారిన తీసుకుపోయి అదే సముద్రంలో కలిపాయి. జనం గేట్ల దగ్గర నిలబడి ఫోటోలు తీసుకున్నారు. ఆ నీళ్ళలో ఏం పోతోందని ఒక్కరికీ అనుమానం రాలేదు.

గేట్లు దించిన తర్వాత కొన్నాళ్ళు ఎండ కాసింది. కార్తీకంలో కాయాల్సిన ఎండ కాదది, నడివేసవి ఎండ. అప్పుడు పోలేరయ్య ఫోన్ చేశాడు.

"అక్కా, నెత్తళ్ళు వాటికవే ఒడ్డుకొస్తుండాయి. గంపతో ముంచుకుంటే చాలు."

"తాగినావా?"

"లేదక్కా. సముద్రం మన చెరువు మాదిరి పచ్చగా, చిక్కగా ఉండాది. చేపలు మూతులెత్తి తేలాడుతుండాయి. బోట్లోళ్ళు మాత్రం ముట్టడం లా. శీనయ్య మామ లేడూ, సముద్రానికి ఒళ్ళు బాగలేదురా, ముట్టుకోవద్దు అంటుండాడు. కొంగలు కూడా తాగినోళ్ళ మాదిరి తూలి పడుతుండాయిలే." చెప్పి నవ్వాడు. నవ్వినా వాడి గొంతులో బెరుకు ఉంది. "ఏం చెయ్యమంటావు?"

చెరువు కింద పుట్టినవాళ్ళకు మూతులెత్తిన చేప అంటే పండగ. ఎండి అడుగంటిన చెరువులోకి కొత్తనీళ్ళు బురద కలుపుకుని దిగుతాయి. గాలాడక చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. పల్లె పల్లెంతా తట్టలు పట్టుకుని దిగుతుంది. ఆ రోజు కూర ఉడకని ఇల్లు ఉండదు, తిని జబ్బు పడ్డ మనిషీ ఉండడు. మాలకొండమ్మ ముత్తవ్వ నాటి నుంచి అంతే.

"కొత్తనీళ్ళకు చేప మూతి ఎత్తదంట్రా? ఆ ముసలాయనకు చెరువు తెలీదు," అంది మాలకొండమ్మ. "ఎవురూ ముట్టకపోతే మనకే మంచిది. ఏరుకో. బాగా ఎండబెట్టి పంపించు."

శీనయ్యకు చెరువు తెలియదు, నిజమే. తనకు సముద్రం తెలియదని మాత్రం ఆమెకు తట్టలేదు. ఎన్ని వందల గంపల చేప ఎండబెట్టి అమ్మినా, ఆమె సముద్రాన్ని చూసింది రెండు మూడుసార్లే. అప్పుడు కూడా పెద్ద చెరువులాగే కనిపించింది.

సంతకు ముందురోజు పొద్దున బస్తాలు ఆత్మకూరులో దిగాయి. ఇంటికి తెచ్చి విప్పి చూస్తే ఆమె కళ్ళు మెరిశాయి. రెండేళ్ళుగా వచ్చిన నెత్తళ్ళు ఈనెపుల్లల్లా ఉండేవి. ఇవి కండపట్టి ఉన్నాయి, పొట్టలు నిండుగా ఉన్నాయి. నెత్తళ్ళ పొట్ట ఎవరూ తీయరు. వేలెడు చేపకు పొట్ట తీస్తూ కూర్చుంటే ఇక మిగిలేదేముంది? అలాగే ఎండబెడతారు, అలాగే తింటారు. ఈసారి ఆ పొట్టలు నలుపు మీద కాస్త పచ్చగా కనిపించాయి. మేత బాగా దొరికింది కాబోలు అనుకుని ఊరుకుంది.

లావుపాటివి ఏరి గుడ్డలో మూటగట్టి అటక మీద పెట్టింది. అవి కూతురు సరళకు. సరళ పురిటికి వచ్చి నెల కావస్తోంది. ఆడపిల్ల పుట్టింది. పాలు చాలక బిడ్డ ఒకటే ఏడుపు. బాలింతకు నెత్తళ్ళు వెల్లుల్లి వేసి వేయించి పెడితే పాలు పడతాయి. ఇందులో ఆ పల్లెలో ఎవరికీ రెండో మాట లేదు. కొనేవాళ్ళలో సగం మంది అందుకే కొంటారు.

"నెల నీళ్ళు పోసుకొనేదాకా ముట్టుకోవద్దు," అని సరళకు చెప్పింది. "రేపు సంత చూసుకొని వచ్చి, నీళ్ళు పోసి, నేనే వేయించి పెడతా."

"ముక్కు పగిలేటట్టు వాసనొస్తుంటే రేపటిదాకా ఎట్టా ఉండేదమ్మా?" అంది సరళ. సరళకు చేపంటే ప్రాణం. మాలకొండమ్మ ఆ సాయంత్రమే బస్తాలతో ఉదయగిరి బయలుదేరింది.

మర్నాడు సంతలో గిరాకీ ఎగబడింది. మధ్యాహ్నానికి ఒక బస్తా ఖాళీ అయింది. రెండో బస్తా మూతి విప్పుతుండగా ఫోన్ మోగింది. పోలేరయ్య.

"అక్కా, నెత్తళ్ళు వాటికవే ఒడ్డుకొస్తుండాయి."

"మళ్ళా వచ్చినాయంట్రా?"

"మళ్ళా ఏంది? ఇప్పుడే చూస్తిని. శీనయ్య మామ ముట్టుకోవద్దు అంటుండాడు. ఏం చెయ్యమంటావు?"

మాలకొండమ్మ నవ్వబోయింది. నవ్వు రాలేదు. "నువ్వు పంపించిన నెత్తళ్ళే కదరా ఇప్పుడు అమ్ముతుండాను."



"నేనెప్పుడు పంపించినానక్కా?"

వాడి పెళ్ళాం ఎస్తేరమ్మ ఫోన్ లాక్కుంది. గొంతు బొంగురుపోయి ఉంది. "వదినా, ఆస్పత్రిలో ఉండాము. నిన్నటి నుంచి ఒకటే వాంతులు. ఇప్పుడు చెప్పిందే చెప్తుండాడు, మనం చెప్పింది నిలవడం లేదు. ఏరిన కాడినుంచి ఆ నెత్తళ్ళే తిన్నాడు. నేను ఉపవాస ప్రార్థనల్లో ఉండి తిన్లా. నువ్వు తిన్నావా?"

"నేను తిన్లా."

"అమ్మినావా?"

మాలకొండమ్మ ఖాళీ అయిన మొదటి బస్తా వైపు చూసింది.

"డాక్టరమ్మ చెప్పింది వదినా. సముద్రంలో కంటికి కనపడని నాచు ఉంటాదంట, చేపలకు అదే తిండంట. మొన్నటి వరదకు పైనుంచి మట్టీ ఎరువూ వచ్చి పడినాయి గదా, దాని మీద ఈ ఎండలు. మంచి నాచు పోయి చెడ్డది పెరిగిపోయిందంట. నెత్తళ్ళు దాన్ని తిని పొట్టల్లో పెట్టుకున్నాయంట. ఎండబెట్టినా, నూనెలో వేయించినా ఆ విషం పోదంట. తలకెక్కుతాదంట. బాలింతలు అసలే తినకూడదంట."

ఎదురుగా ఎవరో ఆడమనిషి పొట్లం చాచి, "కొసరు వెయ్యి మే," అంటోంది. మాలకొండమ్మ ఆ పొట్లం లాక్కుంది.

"తినొద్దు. ఈ చేపలు తినొద్దు. కొన్నోళ్ళు పారెయ్యండి, విషం ఉండాది."

సంతంతా వినేట్టు అరవగల గొంతు అది. ఎవరూ నమ్మలేదు. ఎప్పుడూ తిట్టే మనిషి ఇవాళ కొత్తరకంగా తిడుతోందనుకున్నారు. ధర పెంచడానికి ఎత్తు వేసిందన్నారు కొందరు. ఆమె బస్తా ఎత్తి కాలువలో కుమ్మరించాకగాని జనం ముఖాలు మారలేదు. దగ్గరున్న నలుగురు పొట్లాలు కింద పడేశారు.

పొద్దున కొన్నవాళ్ళ మాటేమిటి? దుత్తలూరు ఆటోలు వెళ్ళిపోయాయి, వరికుంటపాడు ఆటోలూ వెళ్ళిపోయాయి. ఆమెకు ముఖాలు తెలుసు, ఊళ్ళు తెలియవు. ఏ చేలల్లోంచి మట్టీ ఎరువూ కొట్టుకుపోయాయో ఆ చేలవాళ్ళ ఇళ్ళకే పొట్లాలు చేరుతున్నాయి. ఈసరికి ఎన్ని పొయ్యిల మీద నూనె కాగుతోందో.

సరళకు ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు.

స్టాండు దగ్గర నిలబడి వచ్చే పోయే ఆటోలను ఆపి చెప్పాలి. అది ఆమెకు తెలుసు. పక్క అంగడిలో కూరగాయలమ్మేవాడి చేతులు పట్టుకుని, "అందురికీ చెప్పబ్బాయా, నీకు పుణ్యముంటాది," అని బతిమాలి ఆత్మకూరు బస్సెక్కింది. ఊళ్ళో బిడ్డలందరికన్నా తన బిడ్డే ముందు గుర్తొచ్చింది. దానికి ఎవరైనా తప్పు పట్టదలిస్తే పట్టుకోవచ్చు. బస్సు కదిలాక ఆ తప్పు ఆమె తానే పట్టుకుంది, దిగేదాకా వదల్లేదు.

దారి పొడుగునా చేలల్లో మనుషులు రెండో విడత యూరియా చల్లుతున్నారు. తూర్పున మబ్బు నల్లగా ముసురుకుంటోంది. ముందు సీట్లో ఎవరి ఫోన్‌లోనో వార్తలు వస్తున్నాయి. బంగాళాఖాతంలో మళ్ళీ వాయుగుండమట. "రానీలే, చెరువులన్నా నిండుతాయి," అన్నాడు పక్కనున్న రైతు. మాలకొండమ్మకు ఆ మనిషి నోరు మూయాలనిపించింది.

ఆత్మకూరులో దిగి అనంతసాగరం ఆటో కోసం పరిగెత్తుతుంటే కోదండరామయ్య కొట్టులోంచి పలకరించాడు. "ఏం మాలకొండమ్మా, సంత అప్పుడే అయిపోయిందా?" ఆయనకు తిరిగి ఒక మాట అంటించకుండా ఆమె ఆ వీధి దాటడం అదే మొదటిసారి. షేర్ ఆటో నిండేదాకా ఆగలేక మొత్తం ఆటో మాట్లాడుకుంది. ఇల్లు చేరాక, వెనక్కి పోవద్దు, ఇక్కడే ఉండమని డ్రైవరుకు చెప్పి లోపలికి ఉరికింది.

సరళ మంచం మీద కూర్చుని ఉంది. బిడ్డ పక్కన నిద్రపోతోంది.

"ఫోన్ ఎత్తవేందే? నెత్తళ్ళు తిన్నావా?"

"లేదమ్మా. నువ్వు వద్దంటివి గదా."

మాలకొండమ్మ ఉన్నచోటనే కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తన బిడ్డ బతికింది. ఇక తిరిగి ఉదయగిరి వెళ్ళొచ్చు, ఊరూరూ తిరిగి చెప్పొచ్చు, తిట్లు తినొచ్చు, ఏమైనా పడొచ్చు. లేచి, ఆ మూట కూడా పారేద్దామని అటక మీద చెయ్యి పెట్టింది. గుడ్డ తేలిగ్గా చేతికొచ్చింది. అందులో నాలుగు తలకాయలు, తోకల నుసి ఉన్నాయి.

వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి మీద బాండలి. అడుగున నూనె, మాడిన వెల్లుల్లి. పక్కన కంచంలో ముళ్ళు. రాత్రివి ఎండిపోయి ఉన్నాయి, పొద్దుటివి ఇంకా తడిగా ఉన్నాయి.

"సరళా, ఇవి ఎవురు వేయించినారు?"

సరళ వచ్చి బాండలిలోకి తొంగి చూసింది. చిన్నప్పటి నుంచి సరళకు అబద్ధం ఆడటం చేతకాదు. ఆడితే వెంటనే నవ్వొచ్చేస్తుంది. ఆ నవ్వు కోసం మాలకొండమ్మ కూతురి ముఖం వెతికింది. అక్కడ భయం తప్ప మరేమీ లేదు.

"ఇంట్లోకి ఎవురొచ్చినారమ్మా?" అంది సరళ.

బిడ్డ లేచి ఏడ్చింది. సరళ గబగబా వెళ్ళి ఒళ్ళోకి తీసుకుని రవిక ముడి విప్పబోయింది. మాలకొండమ్మ బిడ్డను లాక్కుంది. పసిదాని పెదవి చివర పాలచార ఇంకా ఆరలేదు.

"ఇవ్వమ్మా, ఆకలికి ఏడుస్తుండాది. పొద్దున్నుంచి పాలీలా."

"వద్దు తల్లీ. ఆ చేపలు విషమంట. నువ్వు తిన్నావు. మీ మామకు కూడా అట్టనే అయింది."

"నేను తిన్లేదమ్మా," అంది సరళ ఓపిగ్గా.

ఒక చేత్తో బిడ్డను భుజాన వేసుకుని, రెండో చేత్తో కూతుర్ని పట్టుకుని ఆటో ఎక్కించింది. ఆత్మకూరు ఆస్పత్రికి పొమ్మంది. దారిలో సరళ ఎక్కడికని అడిగితే మొదటి నుంచీ చెప్పింది. సముద్రం పచ్చబడడం, చేపలు మూతులెత్తడం, ఏరుకోమని తాను చెప్పడం, అన్నీ చెప్పింది. సరళ శ్రద్ధగా విని, తలూపి, తల్లి చెయ్యి పట్టుకుంది.

ఆటో చెరువుకట్ట దిగింది. సరళ తల్లి వైపు తిరిగింది. ముఖం ఆశగా ఉంది.

"అమ్మా, మామ నెత్తళ్ళు పంపించినాడా?"