ఖాళీ ఇంట్లో మనిషి

పక్కింటి వంటగది వైపు నుంచి పొగ రావడం ఒడెస్సా ప్రూయిట్ చూసేసరికే ఫైరింజను వీధి మలుపు తిరుగుతోంది. ఎవరో ఫోన్ చేసినట్టున్నారు. ఆవిడ ఇంట్లో వేసుకునే చెప్పులతోనే మంచులోకి దిగింది.

హమ్మయ్య, వచ్చేశారు అనుకుంది. ఆ ఊరట ఎంతోసేపు నిలవలేదు. మనుషులు దిగారు, గొట్టాలు విప్పారు, కానీ గుమ్మం వైపు ఒక్కరూ అడుగు వెయ్యలేదు. రోడ్డు మీదే నిలబడి కిటికీల్లోంచి నీళ్లు కొట్టడం మొదలుపెట్టారు.

కారణం గుమ్మం పక్కనే మేకులతో కొట్టి ఉంది. ఎర్ర పలక, దాని మీద తెల్లటి ఇంటూ గుర్తు. బ్యాంకు కేసుల్లో పడి దిక్కులేకుండా మిగిలిన ఇళ్లకు మునిసిపాలిటీ కొట్టే పలక అది. లోపల నేల పుచ్చిపోయింది, పైకప్పును నమ్మలేం, మంటలొస్తే బయటినుంచే ఆర్పండి అని అర్థం. ఖాళీ కొంప కోసం ఎవరి బిడ్డా చావకూడదని పెట్టిన రూలు. మంచి రూలే, లోపల మనిషి లేకపోతే.

లోపల లోనీ గేట్‌వుడ్ ఉన్నాడు.

ఒకప్పుడు ఆ ఇల్లు అతనిదే. పనిచేసే ఇనుప ఫౌండ్రీ మూతపడి ఇంటి అప్పు వాయిదాలు ఆగిపోయాక, బ్యాంకు కోర్టుకెక్కిందని కాగితం వచ్చింది. లోనీ కోర్టు గడప కూడా తొక్కలేదు. నలుగురూ చూస్తుండగా గెంటించుకోవడం ఇష్టంలేక ఆ వారమే మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయాడు. ఎక్కడెక్కడో తిరిగి తిరిగి, ఈ చలికాలం మొదట్లో వెనక తలుపు పెకలించుకుని దొంగలా మళ్లీ అందులోకే దూరాడు. ఆ సంగతి ఒడెస్సాకి ఒక్కదానికే తెలుసు. రోజూ ఉడికించిన చిక్కుడుగింజలూ మొక్కజొన్న రొట్టే వెనక మెట్ల మీద పెట్టి వచ్చేది. పొగరనండి, మొండితనమనండి, ఒక మనిషిని తన మనిషి అనుకుంటే ఆవిడ ఇక ఎవరి మాటా వినదు.

కిందటి నెల మునిసిపాలిటీ ఇన్‌స్పెక్టరు ట్రెహో అనే అమ్మాయి వచ్చి ఒడెస్సా తలుపు తట్టింది.

"మిస్ ఒడెస్సా, పక్కింటి గేట్‌వుడ్ గారు ఎక్కడుంటున్నారో తెలుసా? ఆయనతో మాట్లాడాలి."

"కెంటకీలో వాళ్లక్క దగ్గరికి పోయాడు. ఎప్పటి మాట."

"మరి ఇంట్లో ఎవరైనా మసులుతున్నారా?"

"ఎలుకలు మసులుతున్నాయి. కావాలంటే వాటినడుగు."

ఆ అమ్మాయి ఇంకా ఏదో చెప్పబోతే, పొయ్యి మీద కూర మాడుతోందని తలుపేసుకుంది. ఆ సాయంత్రమే పలక పడింది. లోనీని భలే కాపాడానని ఒడెస్సా మురిసిపోయింది కూడా.

ఇప్పుడు వెళ్లి ఫైరింజను కెప్టెన్ కోవాల్చిక్ చెయ్యి పట్టుకుంది. "లోపల మనిషున్నాడు నాయనా."

"అది ఖాళీ ఇల్లమ్మా. వెనక్కి జరగండి."

"కాదంటున్నానా?"

"లోపల ఎవరూ లేరని పక్కింటావిడే చెప్పిందట."

"ఆ పక్కింటిదాన్ని నేనే. అబద్ధం చెప్పాను."

కెప్టెన్ ఆవిడ వైపు తిరిగాడు. "ఈ పొద్దున అతన్ని కళ్లారా చూశారా? ఆ కప్పు కిందికి నా కుర్రాళ్లని పంపాలంటే నాకు అది తెలియాలి."

చూడలేదు. చలి మరీ ఎక్కువైతే చర్చి హాలుకెళ్లి కూర్చుంటాడు ఒక్కోసారి. ఈ రోజూ వెళ్లాడేమో. వెళ్లుంటే, కప్పు కూలితే, పోయే ప్రాణాలు తన మెడకి చుట్టుకుంటాయి.

"చూశాను," అంది.

ఇద్దరు లోపలికెళ్లారు. ఆవిడ గుమ్మం వైపే చూస్తూ నిలబడింది. కాసేపటికి పైన దూలం ఫెళ్లుమంది. కెప్టెన్ చెయ్యెత్తగానే ఇంజను హారను ఆగకుండా మోగింది. అందరూ బయటికి రమ్మని. వాళ్లిద్దరూ దగ్గుకుంటూ వచ్చారు, వట్టి చేతులతో.

"పడకగదులు వెతికాం. ముందు గది వెతికాం. ఎవరూ లేరు."

కెప్టెన్ మొహం జేవురించింది. "ఏంటమ్మా ఇది?"

"పడకగదిలో ఎందుకుంటాడు? వంటింటి వెనక సామాన్ల గది. దానికి కిటికీ లేదు. దీపం వీధిలోకి కనపడదని నేనే అందులో పడుకోమన్నాను. కిరసనాయిలు స్టవ్వు కూడా నేనే ఇచ్చాను." ఒడెస్సా ఏడుస్తూనే చెప్పింది. "వెనక తలుపు తీస్తే ఎదురుగా అదే. నీకు దణ్ణం పెడతాను నాయనా."

కెప్టెన్ కప్పు వైపు చూశాడు. ఆ ఇద్దరి వైపూ చూశాడు. "వెనకనుంచి. వెళ్లి వచ్చెయ్యాలి, అంతే."

భుజాలు పట్టుకుని ఈడ్చుకొచ్చారు అతన్ని. ఒళ్లంతా మసి. దగ్గుతున్నాడు. దగ్గుతున్నాడంటే బతికే ఉన్నాడు. ఒడెస్సా వాళ్ల వెంటే నడిచింది.

అంబులెన్సు ఎక్కిస్తుండగా ట్రెహో కారు దిగి వచ్చింది. మనిషిని చూసి పోల్చుకుంది. "గేట్‌వుడ్ గారేనా?"

"నా మీద ఏ కేసైనా పెట్టుకో అమ్మాయ్. బ్యాంకు ఇంట్లో దూరాడని వాణ్ణి మాత్రం జైల్లో వెయ్యకండి."

"బ్యాంకు ఇల్లేంటి మిస్ ఒడెస్సా?" ట్రెహో గొంతు తగ్గించింది. "ఈ వీధిలో ఇల్లు ఎవరూ కొనరని, దాని పన్నులూ మరమ్మతులూ తమ నెత్తిన పడతాయని, వాళ్లు కేసు ఎప్పుడో వదిలేశారు. ఇల్లు ఆయన పేరు మీదే ఉంది. ఆ రోజు ఆయన కోసం అడిగింది అందుకే."

వెళ్లగొట్టడానికి కాగితం పంపిన పెద్దమనుషులకి, నీ ఇల్లు నీకే వదిలేశాం అని ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదు. వాళ్లు చెప్పలేదు సరే. చెప్పడానికి వచ్చినదాని మొహాన ఒడెస్సానే తలుపేసింది.

లోనీ ముక్కు మీది మాస్కు పక్కకి లాగాడు. "మిస్ ఒడెస్సా, బ్యాంకువాళ్లకి తెలిసిపోయిందా? నన్ను వెళ్లగొడతారా?"

వెనక కప్పు కూలిన చప్పుడైంది. ఆవిడ అటు తిరగలేదు. అతని చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

"ఎవరూ వెళ్లగొట్టరు లోనీ. ఆ ఇల్లు నీదే."

లోనీ తలెత్తి, మిగిలిన గోడల వైపు చూశాడు.

"ఎప్పటినుంచి?" అన్నాడు.

"ఎప్పుడూ నీదే. ఈ పిల్ల చెప్పడానికే వచ్చింది. నేనే చెప్పనివ్వలేదు."