సర్వరు చెప్పిన పేరు

నల్లటి తెర మీద కమాండు సగం కొట్టి మునస్వామి ఆగాడు. గోడకు అటువైపు నగరి మరమగ్గాలు దడదడలాడుతున్నాయి. చెన్నై వ్యాపారి సర్వరు నుంచి చీరల డిజైన్లు రోజూ ఇలాగే డౌన్‌లోడ్ చేయాలి. ప్రతి ఫైలూ తన పేరు తానే చెప్పుకుంటూ వస్తుంది. ఆ పేరును మునస్వామి ఏనాడూ నమ్మడు. నెరిసిన మీసం కింద పెదవులు కదుపుతూ, చూపుడు వేలితో ఒక్కో అక్షరం పొడుస్తూ, కమాండు చివర తనకు నచ్చిన పేరు పెడతాడు. టీ తెచ్చిన మనిషిని కూడా తెర వైపు చూడనివ్వడు.

కారణం ఉంది. ఆయన భార్య దేవకమ్మ ఒకప్పుడు వేసవంతా కూర్చుని మామిడిపిందెల అంచు గీసింది. మునస్వామి దాన్ని 'అంచు' అనే పేరుతో ఈ కంప్యూటర్లోకి ఎక్కించి మురిసిపోయాడు. మర్నాడు చెన్నై ఫైలు దించాక తెరిస్తే పిందెల చోట ఎవరివో నెమళ్లు. ఆ ఫైలు అదే పేరు చెప్పుకుని దొంగలా దూరిందని ఇంటికెళ్లి చెప్పాడు. దేవకమ్మ ఏడవలేదు.

"వాడెవుడో వచ్చి తుడిసేదానికి నేనెందుకు గీయాల" అంది. మళ్లీ ఒక్క గీత గీయలేదు.

"మామా, దాని పేరు దాన్నే చెప్పుకోనీ. నీకూ పని తగ్గుతాది" అంది పక్క కుర్చీలోంచి, కొత్తగా చేరిన ప్రశాంతి.

తన కుర్చీకి ఎసరు పెట్టడానికి యజమాని పంపిన మనిషేమోనని మునస్వామి అనుమానం.

"నీకెందుకు పాపా అంత తొందర" అన్నాడు.

ప్రశాంతి ఒకే ఫైలును సర్వరు చెప్పిన పేరుతో రెండుసార్లు దించింది. రెండూ ఉన్నాయి. తర్వాత తనే ఒక పేరు పెట్టి రెండుసార్లు దించింది. ఒకటే మిగిలింది.

"సూడు మామా. అది సెప్పిన పేరైతే, పాతది ఉంటే చివర ఒకటి అంకె తగిలించుకొని పక్కన కూసుంటాది. మనం పెట్టిన పేరైతే అడక్కుండా పాతదాన్ని తుడిసేస్తాది."

నెమళ్లు వచ్చిన ఆ రోజు కూడా చెన్నై ఫైలుకు పేరు మునస్వామి తనే పెట్టాడు. 'అంచు' అని. ఇన్నేళ్లూ చెన్నైవాణ్ణి, కరెంటువాణ్ణి, ఎదురుపడ్డ ప్రతివాణ్ణీ అనుమానించాడు కానీ తన చూపుడు వేలిని అనుమానించలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"అయితే నేనే" అన్నాడు. "ఇంటికి పోయి దేవకికి సెప్పాల. ఇంక గీయొచ్చని సెప్పాల."

సాయంత్రం బస్టాండు ఎదురుగా అంగట్లో ఏదో కొని సంచిలో పెట్టుకుని, కార్వేటినగరం బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. ఎలా మొదలుపెట్టాలా అని దారంతా పెదవులు కదిపాడు. ఊళ్లో కండక్టరు భుజం తట్టాడు. అప్పటికే ప్రాణం పోయింది.

కర్మలన్నీ అయ్యాక దేవకమ్మ ఆ సంచి విప్పింది. లోపలున్నవి చూసి, పరామర్శకు వచ్చిన చెల్లెలి వైపు తిరిగింది.

"పంకజాక్షీ, మన ఇంట్లో గీసేవాళ్లెవురూ లేరే. ఇవి ఎవురి కోసం కొన్నాడు?"

పంకజాక్షి చూపు తిప్పుకుంది. దేవకమ్మ మనసులో ఏవేవో ముఖాలు మెదిలాయి. అడుగుదామంటే మనిషి లేడు.

గళ్ల కాగితాల కట్ట మీద రంగు పెన్సిళ్ల డబ్బా తెరిచి ఉంది. ఒక్కదానికీ ఇంకా మొన చెక్కలేదు.